మంజూరైన చెంప

దాలమ్మ అరుగు మీద కూర్చుని ఎండు నెత్తళ్ళకు తలలు గిల్లుతోంది. చేటలో పోసిన చేపల్ని ఒక్కొక్కటే తీసుకుని, బొటనవేలి గోటితో తల తుంచి, మొండేన్ని కుండలో వేసి, తలను కింద పారేస్తోంది. కింద పడ్డవాటి సంగతి పిల్లి చూసుకుంటోంది. ఇంతలో ఆశా కార్యకర్త సుహాసిని వచ్చింది. వచ్చిన మనిషి మంచీ చెడూ అడగలేదు. వంగి, దాలమ్మ గడ్డం పట్టుకుని, సంతలో వంకాయను తిప్పి చూసినట్టు ఎడమ చెంపను అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంకా ఎర్రబడలేదేటత్తా," అంది దిగులుగా.

"ఎర్రబడ్డానికి నానేటి టమాటానా?"

"నవ్వులాట కాదు. ఎల్లుండి తనిఖీ. చెంప ఎర్రబడకపోతే రెండో డబ్బా మందివ్వరంట."

దాలమ్మ గోరు చేప మెడ దగ్గర ఆగిపోయింది. పిల్లి తలెత్తి చూసింది.

ఆ చెంప సంగతి చెప్పాలంటే ఉప్పుమడుల దగ్గర మొదలుపెట్టాలి. ఉప్పలరేవులో పుట్టినవాళ్ళకు ఉప్పుమడుల పని తప్ప వేరే పని లేదు. ఆ పనిలో ఉన్న చిక్కేమిటంటే అక్కడ సూర్యుళ్ళు ఇద్దరు. ఒకడు పైన కాస్తాడు, ఇంకొకడు తెల్లటి ఉప్పులోంచి కింద కాస్తాడు. పైవాడికి తలగుడ్డ అడ్డం పెట్టుకోవచ్చు. కిందివాడికి ఏదీ అడ్డం లేదు. చిన్నప్పటినుంచీ ఆ ఇద్దరి మధ్యా వంగి ఉప్పు లాగిన దాలమ్మకు ఎడమ కంటి కిందుగా, చెంప మీద, గరుకుగా ఒక మచ్చ లేచింది. అది మంగు అన్నారు. పొడ అన్నారు. ఓర్వలేనివాళ్ళ చూపు అన్నారు. దాలమ్మ పసుపు రాసింది, గంధం రాసింది, అమ్మవారి విభూతి రాసింది. మచ్చ ఇల్లరికపుటల్లుడిలా పెట్టినదంతా తిని, ఉన్నచోటే కదలకుండా కూర్చుని, ఏటికేడాది ఒళ్ళు చేసింది.

చివరికి సుహాసినే ఆమెను బస్సెక్కించి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ డాక్టర్ లిఖిత అని ఒక చిన్నమ్మాయి, నిండా ముప్పై ఉండవు, మచ్చలోంచి కందిబద్దంత ముక్క తీసి పరీక్షకు పంపింది. మళ్ళీ వెళ్ళినప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పింది. ఇది చర్మానికి వచ్చే క్యాన్సరనీ, ఇంకా పైపొరలోనే ఉంది కాబట్టి ప్రాణానికి భయం లేదనీ చెప్పింది. దీన్ని కోసి తీసేయొచ్చు, కానీ కంటికి మరీ దగ్గర. కోస్తే కిందిరెప్ప కిందికి గుంజుకుపోయి, కన్ను సరిగా మూతపడకపోవచ్చు. కోత లేకుండా పోవాలంటే ఒక పూత మందు ఉంది.

పక్కనే ఉన్న దాలమ్మ మొగుడు పోలయ్య, కన్ను మూతపడకపోతే తనకే నష్టమనీ, ఇది నిద్రలో కూడా తనను కనిపెడుతూ ఉంటుందనీ అన్నాడు. కాబట్టి పూత మందే ఖాయమైంది.

"ఒక్క మాట గుర్తుపెట్టుకో అమ్మా," అంది డాక్టరమ్మ. "ఈ మందు రాస్తే ముందు పాడవుతుంది. ఆ తర్వాతే బాగవుతుంది. ఎర్రబడుతుంది, వాస్తుంది, రసి కారుతుంది, పక్కు కడుతుంది. అద్దంలో చూసుకుని జడుసుకుంటావు. జడుసుకుని ఆపేశావా, లోపల మిగిలింది మళ్ళీ లేస్తుంది. అప్పుడు కత్తే గతి."

రాత్రి పడుకునే ముందు పల్చగా రాసుకోవాలి, పొద్దున్నే కడుక్కోవాలి, వారంలో ఐదు రాత్రులు రాసి రెండు రాత్రులు వదిలేయాలి, ఇలా ఆరు వారాలు. రాసిన చేతిని సబ్బుతో కడగాలి. చెంపకు ఎండ తగలనివ్వకూడదు. ఇవన్నీ డాక్టరమ్మ ఒక కాగితం మీద బొమ్మలతో వేయించి, రోగులు భయపడకుండా ఏ వారం ఏం కనిపించవచ్చో కింద రాయించింది. మంచి కాగితం. దాని వల్లే కష్టమంతా వచ్చింది.

ఎలాగంటే, ఆ మందు కొనాలంటే ఉప్పు కూలీలు కొనగలిగేది కాదు. ప్రభుత్వం దాన్ని ఉచితంగా ఇవ్వడానికి ఒక ప్రత్యేక కార్యక్రమం పెట్టింది. ప్రత్యేక కార్యక్రమం అన్నాక దానికొక ఫలితాల విభాగం ఉండాలి. ఫలితాల విభాగానికొక అధికారి ఉండాలి. వైద్యశాఖలో అప్పటికి ఖాళీగా ఎవరూ లేరు కాబట్టి రోడ్ల శాఖ నుంచి దండపాణిగారిని తెచ్చి కూర్చోబెట్టారు.

దండపాణిగారు చెడ్డవాడు కాడు. లంచం ముట్టుకోడు. ఆఫీసుకు అందరికంటే ముందొస్తాడు. ఆయన వేయించిన రోడ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆయనకు ఈ లోకంలో ఒకటే సత్యం తెలుసు: ఏ పనైనా పొరలు పొరలుగా జరగాలి, ఒక పొరను తనిఖీ చేశాకే ఇంకో పొర వేయాలి. ముందు మట్టి, తర్వాత కంకర, తర్వాత రోలరు, ఆపైన తారు. తనిఖీ కాని పొర ఉన్నా లేనట్టే. ఈ కార్యక్రమంలో చేరిన రోజు డాక్టరమ్మ కాగితం ఆయన చేతిలో పడింది. ఎర్రబడుట, వాచుట, పక్కుకట్టుట, పక్కు రాలి కొత్త చర్మం వచ్చుట. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది. వైద్యశాఖలో కూడా పొరలు తెలిసినవాళ్ళు ఉన్నారన్నమాట. డాక్టరమ్మ 'భయపడకండి' అని రాసిన చోటల్లా ఆయన గడువు తేదీ వేసి, కింద సంతకం పెట్టి, జిల్లా అంతా పంపించాడు.

ఆ ఆదేశం ప్రకారం మందు ఒకేసారి ఇవ్వరు. మూడు డబ్బాలుగా ఇస్తారు. మొదటి డబ్బా అయ్యేలోగా చెంప ఎర్రబడాలి. ఎర్రబడినట్టు తనిఖీ అయితే రెండోది. పక్కు కట్టినట్టు తనిఖీ అయితే మూడోది. డాక్టర్ లిఖిత పరుగున వెళ్ళి, మనిషి ఒళ్ళు రోడ్డు కాదని మొత్తుకుంది. ఒకరికి ముందు ఎర్రబడుతుంది, ఒకరికి వెనక ఎర్రబడుతుంది, మధ్యలో మందు ఆపితే చేసినదంతా ఏట్లో కలుస్తుందని చెప్పింది. దండపాణిగారు శ్రద్ధగా విని, ఆమె అభిప్రాయం గమనించబడినది అని జవాబు రాశాడు. అంతటితో ఊరుకోకుండా, వైద్యం చేసినవారే ఫలితం కొలవడం రోడ్డు వేసిన కాంట్రాక్టరే రోడ్డు కొలుచుకోవడం వంటిది కనుక, ఇకమీదట డాక్టర్లు రోగుల చెంపలను కొలవరాదని కూడా చేర్చాడు. మందు బీరువా తాళంచెవి ఆయన టేబుల్ సొరుగులోకి వెళ్ళింది.

అనుకున్న రోజుకు తనిఖీకి వచ్చినవాడి పేరు కామేశం. క్షేత్ర పరిశీలకుడు. సంచీలోంచి రంగుల కార్డొకటి తీశాడు. గోడలకు రంగులమ్మే కొట్లో ఇచ్చేలాంటిదే. లేత గులాబీ నుంచి దానిమ్మగింజ ఎరుపు దాకా గళ్ళు. గళ్ళ పైన ఒక ముఖం బొమ్మ. ఆ ముఖం పాలల్లో ముంచి తీసినంత తెల్లగా ఉంది.

దాలమ్మ రంగు వేరు. ఇద్దరు సూర్యుళ్ళు కలిసి చేసిన రంగది. మందు రాస్తున్న చోట మంట పుడుతోంది, చీమలు పాకినట్టుంది, మచ్చ చుట్టూ చర్మం బాగా పండిన నేరేడుపండు రంగుకు తిరిగింది. సుహాసిని ఫోనులో డాక్టరమ్మకు ఫొటో పంపిస్తే, నల్లటి ఒంటి మీద ఎరుపు ఇలాగే కనిపిస్తుందనీ, మందు చక్కగా పనిచేస్తోందనీ ఆవిడ సంతోషపడింది. కానీ కార్డులో నేరేడుపండు గడి లేదు.

కామేశం కార్డును చెంప పక్కన పెట్టి చూశాడు. కళ్ళజోడు తీసి చూశాడు. పెట్టుకుని చూశాడు. దాలమ్మను ఎండలోకి రమ్మన్నాడు. ఎండలోకి రాకూడదంది. మరి నీడలో కొలతలు చెల్లవన్నాడు. చివరికి గుమ్మంలో, సగం ఎండ సగం నీడలో నిలబెట్టి కొలిచి, విచారంగా తల ఊపాడు.

"అమ్మా, మీ చెంప వెనకబడి ఉంది."

"మంట మాత్రం ముందే ఉంది బాబూ," అంది దాలమ్మ.

మంట కొలిచే కార్డు ఇంకా రాలేదని కామేశం చెప్పాడు.

వారం తిరక్కుండా సంజాయిషీ నోటీసు వచ్చింది. సుహాసిని చదివి వినిపించింది. సదరు లబ్ధిదారు ప్రభుత్వ ఔషధమును స్వీకరించి, నిర్దేశిత గడువులోగా ఎర్రబడుటలో విఫలమైనందున, తమపై తగు చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెనని ఉంది. పోలయ్యకు చదివినంతసేపూ నవ్వాగలేదు. పిల్ల సిగ్గుతో ఎర్రబడలేదని పెళ్ళిచూపుల్లో తను అన్న మాటే ఇన్నాళ్ళకు సర్కారు అందన్నాడు. దాలమ్మ నవ్వలేదు. మొదటి డబ్బాలో మిగిలినవి ఇంకో రెండు మూడు రాత్రుల పొట్లాలు. డాక్టరమ్మ మాట ఆమె చెవిలో తిరుగుతోంది. ఆ పూట అద్దం తీసి, కిందిరెప్పను వేలితో కిందికి లాగి, కన్ను మూసుకోబోయి చూసుకుంది. మూతపడలేదు.

మర్నాడే చెంపకు పైట కప్పుకుని జిల్లా ఆఫీసుకు బయల్దేరింది. సుహాసిని వెంట వెళ్ళింది.

ఫలితాల విభాగం వరండాలో బెంచీ మీద ఒకాయన బిగుసుకుపోయి కూర్చుని ఉన్నాడు. తల వంచడు, పక్కకు తిప్పడు. బస్సు కండక్టరుగా రిటైరైన బంగారునాయుడు. ఆయనకు ఇదే జబ్బు బోడితల మీద వచ్చింది. మనిషి తెల్లటివాడు కావడంతో మందు రాయగానే తల దానిమ్మగింజ గడికి ఎక్కి కూర్చుంది. అప్పటినుంచీ జిల్లాలో ఆయన తలే ఆదర్శం. గోడకు పెద్ద ఫొటో కట్టారు. కింద 'గడువుకు ముందే ఎరుపు' అని రాశారు.

"తమకేటి బాబూ, అదృష్టవంతులు," అంది దాలమ్మ.

ఆయన తల కదపకుండా కళ్ళు మాత్రం ఆమెవైపు తిప్పి, తన అదృష్టం చెప్పుకున్నాడు. పక్కు కట్టేసింది. రాలడానికి సిద్ధంగా ఉంది. కింద కొత్త చర్మం వచ్చేసిందని డాక్టరమ్మ చెప్పింది కూడా. కానీ పక్కు పొరను చూడ్డానికి రాజధాని నుంచి బృందం రావాలి. వాళ్ళు వచ్చేదాకా రాలనివ్వొద్దని దండపాణిగారి ఆజ్ఞ. తనిఖీకి ముందే రాలితే ఆ పొర పడనట్టే లెక్క. అంచేత ఆయన కూర్చునే నిద్రపోతున్నాడు. తువ్వాలు కట్టడం లేదు. గాలి వీస్తే గోడ చాటుకు పోతున్నాడు. మనవరాలు ముద్దు పెట్టుకోబోతే ఇంటిల్లిపాదీ కేకలేశారట.

"తుమ్మొస్తే ఏటి సేస్తారు బాబూ?"

"తుమ్ము కోసం సెలవు చీటీ పెట్టుకోవాలేమో, తెలీదమ్మా," అన్నాడు ఆయన, చాలా నెమ్మదిగా.

దండపాణిగారు దాలమ్మను గౌరవంగానే కూర్చోబెట్టాడు. మజ్జిగ ఇప్పించాడు. తన జీవితంలో ఒక్క కిలోమీటరు కూడా గడువు దాటలేదని చెప్పాడు. ప్రజలు సహకరించకపోతే అధికారి ఏం చేయగలడని బాధపడ్డాడు. దాలమ్మ తన చెంప రంగును గురించి చెప్పబోయింది.

"చూడమ్మా, రంగు మీద మాకు పట్టింపు లేదు. తెల్లవారా, నల్లవారా అని ప్రభుత్వం చూడదు. అందరికీ ఒకే కార్డు," అన్నాడాయన. "ఎర్రబడండి. ఎర్రబడితే మరుక్షణం డబ్బా మీ ఇంటికి వస్తుంది. మీకు సోమవారం దాకా చివరి అవకాశం ఇస్తున్నాను."

ఇంతటి దయ తను ఇంతకుముందు ఎవరికీ చూపలేదని కూడా అన్నాడు. నిజమే కావచ్చు.

ఆ శనివారం దాలమ్మ అరుగు మీద పెద్ద సమావేశం జరిగింది. చెంపను ఎలా ఎర్రబరచాలన్నది విషయం. ఎవరో మిరపకాయ రుద్దమన్నారు. పోలయ్య, తోడికోడళ్ళను పిలిపిస్తే చాలన్నాడు, వాళ్ళను చూస్తే దీని ముఖం ఎప్పుడూ ఎర్రబడుతుందట. దాలమ్మ ఆడపడుచు నరసమ్మ మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. లేచి ఇంట్లోకి పోయి పసుపూ సున్నమూ కలిపి, కాసిని నీళ్ళు పోసి, గిన్నెలో పారాణి కలుపుకుని వచ్చింది. పెళ్ళికూతుళ్ళ కాళ్ళకు రాసే పారాణి. ఆ చుట్టుపక్కల ఎవరింట పెళ్ళయినా ఆమే వచ్చి కలపాలి. ఎర్రగా, చిక్కగా, గిన్నె అంచు మీద మెరుస్తూ ఉంది.

సుహాసిని అడ్డం పడింది. మందు రాస్తున్న చెంపకు సున్నం తగిలితే కొంప మునుగుతుందంది. డాక్టరమ్మకు తెలిస్తే తన ఉద్యోగం ఊడుతుందంది. నరసమ్మ గిన్నె పట్టుకుని నిలబడిపోయింది.

"ఏ సెంపో ఆ కార్డులో రాసుందేటి?" అంది నరసమ్మ ఉన్నట్టుండి.

సుహాసిని సంచీ తీసి కాగితాలన్నీ తిరగేసింది. చెంప అని ఉంది. ఎరుపు అని ఉంది. గడువుంది, గళ్ళున్నాయి. కుడి అని గానీ ఎడమ అని గానీ ఎక్కడా లేదు.

సోమవారం పొద్దున్నే దాలమ్మ కుడి చెంపకు పారాణి పూసి, ఆరనిచ్చి, తడిగుడ్డతో పైపైన తుడిచి, ఎడమ చెంపకు నిండా పైట కప్పుకుని గుమ్మంలో కూర్చుంది. ఎన్ని పెళ్ళిళ్ళలో కాళ్ళకు పూసిన చెయ్యో, నరసమ్మ చెయ్యి చెంప మీద కూడా తప్పు పోలేదు. కామేశం కార్డు పెట్టి చూశాడు. ఏదో ఒక గడి కాదు, ఏకంగా దానిమ్మగింజ గడి. మళ్ళీ చూశాడు. మనసున్న మనిషి కావడంతో కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇంత అభివృద్ధి నేనెక్కడా చూడలేదమ్మా," అన్నాడు.

కుడి చెంపను మూడు వైపుల నుంచీ ఫొటో తీశాడు. ఎరుపు, ఉత్తమం, కుడి చెంప అని రాసుకున్నాడు. రెండో డబ్బా ఆ సాయంత్రమే వచ్చింది. దాలమ్మ ఆ రాత్రి ఎడమ చెంపకు మందు రాసుకుని, చేతులు కడుక్కుని, వారం రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

ఆపైన మందు తన పని తాను చేసుకుపోయింది. ఎడమ చెంప వాచింది. పగిలి రసి కారింది. ఇరుగుపొరుగు పిల్లలు ఆమెను చూసి వీధి దాటి పోయారు. దాలమ్మ అద్దం తీసుకుపోయి గంప కింద పెట్టింది. ఒక రాత్రి మంట ఓర్చుకోలేక, ఇంక రాసుకోనని, కన్ను మూతపడకపోతే మానె, తెరుచుకునే చస్తానని ఏడ్చింది. పోలయ్య ఆ రాత్రి వేళాకోళమాడలేదు. తాటాకు విసనకర్ర తెచ్చి తెల్లారేదాకా విసిరాడు. పొద్దున్నే సుహాసిని ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరమ్మ చూసి నవ్వింది. నవ్వినందుకు క్షమించమంది. ఇంత బాగా పనిచేయడం అరుదు అంది. నాలుగు రోజులు మందుకు విరామమిచ్చి, మంట తగ్గాక మళ్ళీ మొదలుపెట్టమంది. ఆ నాలుగు రోజుల్లో రసి ఆరి, చెంప మీద చింతతొక్కులా గోధుమరంగు పక్కు కట్టింది.

"సగం పైన గెలిచాం. ఇంక మూడో డబ్బా ఉంది చూశావా, అది వదలకూడదు," అంది డాక్టరమ్మ. "పైన పక్కు చూసి అయిపోయిందనుకుంటే, అడుగున దాక్కున్నది నవ్వుకుంటుంది."

ఈలోపు ఫలితాల విభాగంలో కూడా పనులు జరుగుతున్నాయి. బంగారునాయుడికి చివరికి తుమ్ము వచ్చింది. పక్కు రాలిపోయింది. ఆయన దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి జాగ్రత్తగా ఆఫీసుకు పట్టుకెళ్ళి ఇస్తే, రసీదు ఇచ్చి బీరువాలో పెట్టారు. తల మాత్రం తనిఖీకి పనికిరాదన్నారు. కొత్త చర్మం వచ్చి నున్నగా మెరుస్తున్న తల, పక్కు పొర లేకుండా నేరుగా బాగైనందున, బాగైనట్టు ఒప్పుకోవడం కుదరదన్నారు. గోడ మీది ఫొటో దించారు. రాజధాని బృందం వచ్చేసరికి ఆదర్శం ఇంకొకటి కావాలి. దండపాణిగారు కాగితాలు తిరగేస్తే ఉప్పలరేవు కుడి చెంప కనబడింది.

తానే స్వయంగా బయల్దేరాడు. కామేశాన్ని, మూడో డబ్బాను వెంటబెట్టుకుని మధ్యాహ్నానికి ఉప్పలరేవులో దిగాడు. దాలమ్మ ఇంట్లో నులకమంచం వాల్చారు. పోలయ్య టీ పెట్టి తెచ్చాడు. టీ గ్లాసుల పక్కన, ముక్కాలిపీట మీద, కామేశం మందు డబ్బా పెట్టాడు. దాలమ్మ చూపు దాని మీదే ఉంది. ముందురోజు రాత్రే రెండో డబ్బాలో ఆఖరి పొట్లం అయిపోయింది.

దండపాణిగారు కళ్ళజోడు తుడుచుకుని, ఎంతో ఆశగా ముందుకు వంగి, కుడి చెంప చూశాడు. నున్నగా ఉంది. పక్కు లేదు, వాపు లేదు, ఎరుపు కూడా లేదు. పారాణి ఎప్పుడో పోయింది. ఆయన ముఖం పాలిపోయింది. తర్వాత ఎడమ చెంప చూశాడు. పక్కు ఉంది, చుట్టూ వాపు ఉంది, కాగితంలో ఉన్నదున్నట్టు అన్నీ ఉన్నాయి.

గోడ మీద బల్లి ఒక్కటే మాట్లాడింది.

"కామేశం," అన్నాడు దండపాణిగారు, గొంతు తగ్గించి. "మంజూరైంది ఏ చెంప?"

"కుడి చెంపండి."

"పని జరిగింది?"

"ఎడమ చెంప మీదండి."

దాలమ్మ, జబ్బు మొదటినుంచీ ఎడమ పక్కనే ఉందని చెప్పింది. పారాణి సంగతి కూడా దాచకుండా చెప్పేసింది. దానికి ఏ శిక్ష వేసినా పడతాననీ, ఆ డబ్బా మాత్రం ఇచ్చేయమనీ అడిగింది.

దండపాణిగారు చెయ్యెత్తి ఆపాడు. జబ్బు ఎక్కడుందనేది వైద్య విషయమనీ, తనకు దాంతో సంబంధం లేదనీ, ఫలితం ఎక్కడుందనేదే తన విషయమనీ నెమ్మదిగా వివరించాడు. కాగితం మీద ఒక ఊరికి మంజూరైన రోడ్డును తీసుకెళ్ళి ఇంకో ఊరికి వేస్తే ఆ రోడ్డు ఎంత బాగున్నా అది రోడ్డు కాదు, ఆక్రమణ. ఎడమ చెంప మీదున్నది పక్కు కాదు. అనుమతి లేని నిర్మాణం. దాన్ని ఉండనిచ్చి పక్కనే కుడి చెంపకు మూడో డబ్బా విడుదల చేస్తే రేపు అడిగినవాళ్ళకు ఏం చెప్పాలి?

"కుడి సెంపకేటీ లేదు బాబూ," అన్నాడు పోలయ్య. "దానికి మందెందుకు?"

"ఏమీ లేకపోవడమే దాని లోపం," అన్నాడు దండపాణిగారు.

కామేశం ఆలోచించి, రెండు దారులున్నాయన్నాడు. ఒకటి, ఎడమ చెంపను కుడి చెంపగా సవరించడం. కానీ సవరణకు రాజధాని అనుమతి కావాలి, అది వచ్చేసరికి ఎండాకాలం పోయి వానలు పడతాయి. రెండోది, ఎడమ పక్కును తవ్వి తీసేసి, స్థలం ఖాళీ అయినట్టు ఫొటో తీసి, మంజూరైన చోట మళ్ళీ మొదటి పొర నుంచి వేసుకురావడం. ఇందులో ఎవరి అనుమతీ అక్కర్లేదు. దండపాణిగారి ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. రోడ్ల శాఖలో ఎప్పుడూ ఇదే చేసేవాళ్ళం అన్నాడు. తప్పు పొరను ఉంచకూడదు. తవ్వి మళ్ళీ వేయాలి.

ఆయన పోలయ్యవైపు తిరిగి, ఇంట్లో స్పూనుందా అని అడిగాడు.

"మేం సేత్తోనే తింటాం బాబూ, స్పూన్లు లేవు," అన్నాడు పోలయ్య. కాసేపాగి, "గునపం ఉంది," అన్నాడు.

దండపాణిగారు ఆ సంగతి ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"గునపం పెద్దదవుతుంది," అన్నాడు చివరికి.

తవ్వకం ఎవరు చేయాలన్నది ఇంకో ప్రశ్న. కామేశం పరిశీలకుడు కాబట్టి పరిశీలించగలడే గానీ తవ్వలేడు. సుహాసిని విధుల్లో తవ్వకం లేదు. డాక్టర్లు కొలవకూడదని ఆదేశం ఉంది, తవ్వచ్చో లేదో అందులో రాయలేదు. పంచాయతీ వాళ్ళను పిలుద్దామా అని కామేశం అడిగాడు. వాళ్ళను పిలిస్తే పని ఎప్పటికీ మొదలవదని దండపాణిగారు తన అనుభవం చెప్పాడు. ముందు తీర్మానం రాసేస్తే తవ్వేవాళ్ళు తర్వాత దొరుకుతారని ఇద్దరూ ఒప్పుకున్నారు. కామేశం మోకాలి మీద అట్ట పెట్టుకున్నాడు. దండపాణిగారు కళ్ళు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు. ఆయనకు కళ్ళు మూసుకుంటేనే భాష బాగా వస్తుంది.

దాలమ్మ వాళ్ళిద్దరినీ చూసింది. మూసుకున్న ఆ కళ్ళను, నిశ్చింతగా ఒకదాని మీద ఒకటి వాలిన ఆ రెప్పలను కాసేపు చూసింది. లేచింది. టీ గ్లాసులు తీయబోయినదానిలా ముక్కాలిపీట దగ్గరికి వచ్చింది. గ్లాసులు తీయలేదు. డబ్బా తీసుకుని, కొంగున ముడేసి, ముడిని బొడ్లో దోపుకుంది. పోలయ్య చూశాడు. చూసి, చప్పున లేచి, దొరలకు ఇంకో గ్లాసు టీ తెస్తానంటూ గుమ్మానికీ వాళ్ళకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు.

"రాసుకో కామేశం," అంటున్నాడు దండపాణిగారు. "సదరు ఎడమ చెంప మీది అనధికార పక్కును, లబ్ధిదారు సమక్షమున, ఆమె పూర్తి అంగీకారముతో..."

దాలమ్మ ఎడమ చెంప మీదికి పైట లాక్కుని, గడప దాటి వెళ్ళిపోయింది.